మామ్మగారి క్రియాటినిన్



ఫార్మ్-డి పట్టా అందుకుంటున్న మీరు పరీక్షల కోసం బట్టీపట్టిన సూత్రాల్లో, క్రియాటినిన్ క్లియరెన్స్‌కు కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ 1976లో ఇచ్చిన లెక్క ఒకటుంది. 140లోంచి వయసు తీసేసి, బరువుతో హెచ్చించి, క్రియాటినిన్‌కు 72 రెట్లతో భాగించాలి. ఆడవాళ్లకైతే వచ్చినదాన్ని 0.85తో హెచ్చించాలి. దయచేసి దీన్ని మరిచిపోకండి.

రేపు మీ వార్డుకు ఎనభై ఏళ్ల మామ్మగారు వస్తారనుకోండి. బరువు 40 కిలోలు. గుండె బలహీనతకు రోజూ 0.25 మిల్లీగ్రాముల డిగాక్సిన్ మాత్ర మొదలుపెట్టారు. క్రియాటినిన్ 1.2. ల్యాబ్ రిపోర్టు చూసినవాళ్లెవరూ ఉలిక్కిపడరు. లెక్క కట్టండి: నిమిషానికి 24 మిల్లీలీటర్లు కూడా రాదు! ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్లవాళ్లలో అది వంద చుట్టుపక్కల ఉంటుంది. కండ కరిగిపోయిన ఒంట్లో క్రియాటినిన్ పుట్టేదే తక్కువ. అందుకే రిపోర్టు బాగున్నట్టు కనిపిస్తుంది.

డిగాక్సిన్‌లో ఎక్కువ భాగం కిడ్నీల గుండానే బయటికి పోవాలి. మాత్రలోని 250 మైక్రోగ్రాముల్లో 70 శాతం, అంటే 175, రక్తంలోకి చేరుతుందనుకుందాం. మామ్మగారిలో డిగాక్సిన్ క్లియరెన్స్ రోజుకు 50 లీటర్లే అయితే, భాగిస్తే మిల్లీలీటరుకు 3.5 నానోగ్రాములు వస్తుంది. మనకు కావలసింది మిల్లీలీటరుకు 0.5 నుంచి 0.9 నానోగ్రాములు మాత్రమే. పైగా ఆమెలో హాఫ్‌లైఫ్ మూడు రోజులకు తక్కువ ఉండదు. కాబట్టి మూడో రోజున రక్తంలో మీరు చూసే అంకె చివరికి చేరబోయేదాంట్లో సగమే. మాత్ర వేసుకున్న ఆరు గంటల్లోపు రక్తం తీస్తే ఆ అంకె కూడా నమ్మదగింది కాదు.

"అన్నం సయించడం లేదమ్మా, కడుపులో తిప్పుతోంది" అంటారు మామ్మగారు. వయసు మీద పడిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. మీరు సరిపెట్టుకోకండి, అది డిగాక్సిన్ ఎక్కువవడం వల్ల కావచ్చు. మాత్ర ఆపించి, ఈసీజీ, పొటాషియం, డిగాక్సిన్ స్థాయి చూడమని డాక్టరుగారిని అడగండి, మొహమాటపడొద్దు. మూత్రం మాత్రలు వాడేవాళ్లలో పొటాషియం పడిపోతే డిగాక్సిన్ తక్కువ స్థాయిలోనే హాని చేస్తుంది. కోలుకున్నాక మళ్లీ మొదలుపెడితే మోతాదు పావు వంతో, అంతకన్నా తక్కువో ఉండాలి. రెండు వారాలయ్యాక మళ్లీ ఏ రోజున రక్తం తీయాలో, ఆ తేదీని కేసుషీటులో మీ చేత్తోనే రాయండి.