సిబ్బందియే మూలధనము



మన సంఘమున మిల్లులు, వర్తకశాలలు నడపువారు పెక్కురు కలరు. వారు యంత్రమును కొనునపుడు పదియేండ్ల లెక్క వేయుదురు. మనిషిని చేర్చుకొనునపుడు బంధుత్వమొక్కటే చూతురు. సంస్థ రేపు ఏమి కావలెనో నిశ్చయించి, అందుకు తగినవారిని నేడే సిద్ధపరచుట మానవవనరుల వ్యూహాత్మక నిర్వహణమునకు మొదటి సూత్రము.

జంషెడ్‌పూరులోని టాటా ఉక్కు కర్మాగారమును చూడుడు. విదేశీయ నిపుణులపై నాధారపడుట తగ్గించుటకై అచ్చట 1921లో సాంకేతిక విద్యాలయమును నెలకొల్పిరి. 1912లోనే ఎనిమిదిగంటల పనిదినమును, 1920లో భవిష్యనిధిని ఏర్పరచిరి. కర్మాగారములకు భవిష్యనిధి చట్టము 1952లో గాని రాలేదు. అయినను 1920, 1922, 1928 సంవత్సరములలో సమ్మెలు జరిగెను. సౌకర్యములు కల్పించినంతమాత్రమున చాలదు. పనివారి మాటయు వినవలెను. 1956లో కార్మికసంఘముతో జరిగిన ఒడంబడిక అట్టి సంప్రదింపులకు మార్గమేర్పరచెను.

కావున బంధువునకు కొలువిచ్చుట దోషము కాదు. అతనికి పని నేర్పకుండుటయు, అన్యుని యోగ్యతను త్రోసిపుచ్చుటయు దోషము. విద్యార్థివేతనము లొసగు దాతలు తమ సంస్థలలో శిక్షణకును చోటిచ్చిరేని, మన యువకులు సిఫారసుచే గాక సామర్థ్యముచే నిలువగలరని విన్నవించి విరమించుచున్నాను.