సార్, ఒక్కసారి చూస్తారా?



నాయకత్వం గురించి, పనిచేసేచోట వచ్చే తగవుల గురించి మాట్లాడమన్నారు. ఏ ఫోర్‌మన్‌గారి పేరిట ఈ సభ జరుగుతోందో ఆయన చేతికింద నేను నాలుగేళ్లు లేత్ మీద పనిచేశాను. నాయకత్వం అన్న మాట ఆయన నోట ఎన్నడూ వినలేదు. షాపులో ఇద్దరు గొంతు పెంచుకుంటే ఆయన తల కూడా ఎత్తేవారు కాదు. రెండు వారాలు ఎవరూ ఏమీ అనకపోతే మాత్రం, "ఏమిట్రా, అందరూ ఇంత మర్యాదగా ఉన్నారు?" అని అనుమానంగా చూసేవారు. ఆయన అనుమానం గురించే నా ఉపన్యాసం.

1977 మార్చి 27. కానరీ దీవుల్లో లాస్ పాల్మాస్ విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడ దిగాల్సిన విమానాలను పక్కనున్న టెనెరిఫే దీవికి మళ్లించారు. అది చిన్న విమానాశ్రయం. ఉన్నది ఒక్కటే రన్‌వే. దాని పక్కదారి నిండా విమానాలే నిలబడిపోవడంతో, బయల్దేరే విమానాలు రన్‌వే మీదే నడిచి చివరికి చేరాలి. పైగా పొగమంచు. కేఎల్ఎం వారి 747 చివరికి వెళ్లి వెనక్కి తిరిగి నిలబడింది. పాన్ యామ్ వారి 747 ఇంకా రన్‌వే మీదే, దానికి ఎదురుగా వస్తోంది.

కేఎల్ఎం కెప్టెన్ యాకోబ్ వెల్ధాయిజెన్ వాన్ జాంటెన్. ఆ సంస్థలో 747 పైలట్లకు శిక్షణ ఇచ్చే విభాగానికి పెద్ద. సంస్థ ప్రకటనల్లో కనిపించే ముఖం ఆయనదే. పక్కన కూర్చున్న కో-పైలట్‌ను 747 పరీక్షలో పాస్ చేసిందీ ఆయనే, అదీ అంతకు రెండు నెలల ముందు. సిబ్బంది డ్యూటీ గంటలు దాటిపోతాయన్న తొందర వేరే ఉంది. ఆయన ఇంజన్ల వేగం పెంచబోతే, ఇంకా అనుమతి రాలేదని కో-పైలట్ ఒకసారి ఆపాడు. ఆ తర్వాత కంట్రోల్ టవర్ ఇచ్చింది ఎగిరాక ఏ దారిన వెళ్లాలో చెప్పే అనుమతి మాత్రమే, ఎగరమని కాదు. దాన్ని కో-పైలట్ తిరిగి చదువుతుండగానే కెప్టెన్ బయల్దేరదీశాడు. కో-పైలట్ రెండోసారి ఆపలేదు. రేడియోలో పాన్ యామ్ మాట విన్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. అవతలి విమానం ఇంకా పక్కకు తప్పుకోలేదా అని అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజనీరు ఊరుకున్నాడు. కొద్ది క్షణాల్లో 583 మంది పోయారు. విమాన ప్రమాదాల్లో అంతటి ప్రాణనష్టం మళ్లీ జరగలేదు.

ఇంజనీరు అడిగింది ప్రశ్న. "ఆపండి" అనలేదు. ఎదుటివాడు పెద్దవాడైతే ఆజ్ఞ ప్రశ్న అవుతుంది, ప్రశ్న సణుగుడవుతుంది. ఈ విద్యలో మన తెలుగువాళ్లం ఎవరికీ తీసిపోము. "మీరు చూసే ఉంటారు లెండి", "నాకంత తెలియదు గానీ", "సార్, ఒక్కసారి చూస్తారా?" ఈ మూడూ నేను జీవితమంతా వాడాను. మూడింటి అర్థమూ ఒకటే: మీరు చేస్తున్నది తప్పు.

మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ మీద యునైటెడ్ సంస్థ విమానం చక్రాల గొడవ తేల్చుకోవడానికి చక్కర్లు కొట్టింది. కెప్టెన్ ధ్యాసంతా చక్రాల మీదే. ఇంధనం తరిగిపోతోందని మిగతావాళ్లకు తెలుసు. చెప్పారు కూడా, కానీ ఆయన చెవిన పడేలా చెప్పలేదు. ఇంజన్లు ఆగిపోయి విమానం కూలింది, పదిమంది పోయారు. 1979లో నాసా దీని మీద సదస్సు పెట్టింది. 1981లో యునైటెడ్ సంస్థ కాక్‌పిట్ సిబ్బందికి కొత్త శిక్షణ మొదలుపెట్టింది. చిన్నవాడు అనుమానాన్ని ఎలా తేటగా చెప్పాలో, కెప్టెన్ దాన్ని ఎలా అడిగి చెప్పించుకోవాలో నేర్పే శిక్షణ అది. కొందరు పాత పైలట్లు దాన్ని మర్యాదలు నేర్పే బడి అని వెక్కిరించారు.

నాయకత్వ పాఠాల్లో నిరంకుశం, ప్రజాస్వామికం, పట్టించుకోనితనం అని మూడు గళ్లు గీస్తారు. 1930లలో అయోవాలో కర్ట్ లెవిన్ బృందం బడిపిల్లల క్లబ్బుల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన గళ్లవి. మంచి ప్రయోగాలే. కానీ దిగబోయే విమానంలో ఓటింగు పెట్టలేం. నిర్ణయం ఒక్కడిదే కావాలి. ఆ ఒక్కడి దాకా మాట చేరిందా లేదా అన్నదే నా ప్రశ్న.

చేరినా చాలదు. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు, ఎనిమిదిమంది బతికారు. ప్రయాణంలో కెప్టెన్ చాలాసేపు నిద్రపోయారని విచారణలో తేలింది. దిగొద్దు, మళ్లీ పైకి లేపుదామని కో-పైలట్ పదే పదే అన్నాడు. విమానాన్ని తానే పైకి లేపే అధికారం కో-పైలట్‌కు ఉందా లేదా అన్నది నిబంధనల్లో స్పష్టంగా లేదు. అతను కంట్రోళ్లు అందుకోలేదు.

రావణుడి కొలువులో తప్పు చెప్పినవాడంటే మనకు విభీషణుడు గుర్తొస్తాడు. నాకు కుంభకర్ణుడు గుర్తొస్తాడు. అన్న చేసింది తప్పని మొహాన చెప్పాడు, చెప్పి యుద్ధానికి నడిచాడు. మన ఆఫీసుల్లో విభీషణులు అరుదు. ఉన్నవాళ్లంతా కుంభకర్ణులే, నాతో సహా.

మాట చేరితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 1989 జులై 19న యునైటెడ్ వారి డీసీ-10 విమానం తోక ఇంజన్ ఆకాశంలో బద్దలై, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. ఏ పుస్తకంలోనూ దానికి మందు లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ ఆ సంగతి దాచుకోలేదు. ప్రయాణికుల్లో డెన్నిస్ ఫిచ్ అనే శిక్షకుడు ఉన్నాడని తెలిసి కాక్‌పిట్‌లోకి రప్పించి, మిగిలిన రెండు ఇంజన్ల థ్రాటిళ్లు ఆయన చేతికిచ్చాడు. విమానం సూ సిటీలో నేలకు కొట్టుకుని ముక్కలైంది. అయినా 296 మందిలో 184 మంది బతికారు. నలుగురి అనుభవం కలిసిందనీ, కాక్‌పిట్ సిబ్బందికి యునైటెడ్ ఇచ్చిన ఆ శిక్షణే లేకపోతే అది సాధ్యమయ్యేది కాదనీ హేన్స్ తర్వాత చెప్పుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఎగిరిన మనిషి తనకు తెలియదని ఒప్పుకోవడం నాకు ఆ థ్రాటిళ్ల కంటే పెద్ద విషయంగా కనబడుతుంది.

మా ఫోర్‌మన్‌గారికి ఈ విమానాల కథలేవీ తెలియవు. పొద్దున షిఫ్టు మొదట్లో నిలబడి మాట్లాడుకునేటప్పుడు అందరికంటే చిన్న కుర్రాడితో మొదలుపెట్టించి, తాను చివర మాట్లాడేవారు. పెద్దవాడు ముందు చెప్పేస్తే చిన్నవాడికి తలూపడమే మిగులుతుందని ఆయన లెక్క.

అయినా నేను ఒకసారి నోరు మూసుకున్నాను. ఒక షాఫ్ట్‌కు ఆయన చెప్పిన కొలత డ్రాయింగుతో కలవలేదు. ఆయనంతటివారు చెప్పారు కదా అని తిప్పేశాను. జాబు స్క్రాపయింది. కోప్పడతారనుకున్నాను. "తప్పని ఎప్పుడు తెలిసింది?" అని మాత్రం అడిగారు. మొదట్లోనే అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ షాఫ్ట్ తీసుకెళ్లి టూల్‌రూమ్‌లో నిలబెట్టారు. నా మిషను దగ్గర కాదు, తన కుర్చీ పక్కన. నేను ఉద్యోగం మారి వెళ్లేనాటికీ అది అక్కడే ఉంది.