రెండవ బిడ్డ కలుగకున్నచో

(పంచాయతీ సభ్యుల శిక్షణ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, ఇంటి పన్ను మున్నగు విషయములను మీరు ఇంతవరకు చర్చించితిరి. ఇప్పుడు మేము చెప్పబోవు విషయము పంచాయతీ సమావేశపు చర్చనీయాంశములలో ఎన్నడును కనిపించదు. అయినను అది మీ రచ్చబండ యొద్దకు వచ్చుచునే యున్నది. ఒక ఇంట మొదటి బిడ్డ పుట్టును. నాలుగేండ్లు, ఆరేండ్లు గడచును. రెండవ బిడ్డ కలుగదు; కలిగిన గర్భము నిలువదు. మ్రొక్కులు మ్రొక్కుదురు, తాయెత్తులు కట్టుదురు. ఇరుగుపొరుగువారు చెవులు కొరుకుకొందురు. కడకు అది భార్యాభర్తల తగవుగా మారి పెద్దమనుషుల ఎదుటికి వచ్చును. ఆ పెద్దమనుషులు మీరే. తీర్పు చెప్పుటకు ముందు చేయింపవలసిన రక్తపరీక్ష ఒకటి కలదని మీకు మనవి చేయుటకే మేము వచ్చితిమి.

ప్రచార కార్యమునకై గ్రామములు తిరుగునపుడు మాకు తెలియవచ్చిన సంగతి నొకదానిని చెప్పెదము. ఊరు, పేరు చెప్పము. ఆమెకు మొదటి కాన్పు సుఖముగా జరిగినది, ఆడపిల్ల పుట్టినది. కాన్పు జరిగిన ఏడాది లోపలనే ఆమెకు నీరసము పట్టుకొన్నది. తిండి తగ్గినను ఒళ్లు బరువెక్కినది. జుట్టు రాలినది. చలికి తాళలేకపోయెడిది. బహిష్టు క్రమము తప్పినది. బాలింతగా పథ్యము సరిగా చేయలేదనియు, పని తప్పించుకొనుటకు వేషములనియు ఇంటివారు అనుకొనిరి. తరువాత రెండు పర్యాయములు గర్భము మూడవ నెల దాటక పోయినది. భర్తకు మరియొక సంబంధము చూడవలెనని బంధువులు మాటలు సాగించిరి.

ఆ వార్డు సభ్యురాలు ఆమెను వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయినది. రక్తము పరీక్షింపగా థైరాయిడ్ గ్రంథి మందగించినదని తేలినది. దినమున కొక చిన్న మాత్ర వ్రాసి యిచ్చిరి. కొన్ని నెలలలో నీరసము తగ్గినది, బహిష్టు క్రమపడినది, ఆమె నెల తప్పినది. ఇల్లంతయు సంతోషించినది. అయితే కడుపుతో నున్న పిల్లకు ఇంగ్లీషు మందు వేడి చేయునని మాత్ర మాన్పించిరి. ఆ గర్భమును పోయినది. కారణ మిదియే యని ఎవరును ఖండితముగా చెప్పజాలరు. కాని మానకూడని మందును, మానకూడని సమయమున మాన్పించిరన్నది నిజము. ఆ మారు డాక్టరు, భార్యాభర్తలతో పాటు అత్తగారిని కూడ కూర్చుండబెట్టి చెప్పెను. మరల గర్భము వచ్చినపుడు ప్రతి ఉదయము చెంబుతో నీరును, మాత్రను అందించినది ఆ అత్తగారే. ఈసారి బిడ్డ దక్కినది.

ఇంతకును ఆ గ్రంథి యేమి? మెడ ముందుభాగమున, గొంతుముడి క్రింద, సీతాకోకచిలుక రెక్కలు విచ్చినట్లుండు చిన్న గ్రంథి. మన మారగించు అయోడిన్‌తో అది థైరాక్సిన్ అను రసమును తయారు చేయును. శరీరమున ఏ పని ఎంత వేగముగా జరుగవలెనో ఆ రసము నిర్ణయించును. మెదడు క్రింద నున్న పిట్యూటరీ గ్రంథి దీనిపై అజమాయిషీ చేయును. ఎద్దు మందగించిన కొలది రైతు గట్టిగా అదలించును గదా! అట్లే థైరాయిడ్ మందగించిన కొలది పిట్యూటరీ తన అదలింపును పెంచును. ఆ అదలింపును కొలుచుటయే టి.ఎస్.హెచ్. పరీక్ష. ఆ అంకె పెరిగినదన్నచో సాధారణముగా థైరాయిడ్ మందగించినదని అర్థము. గ్రంథి మితిమీరి పనిచేయుట మరియొక జబ్బు. అందు బరువు తగ్గుట, గుండె దడ, చేతులు వణకుట కనిపించును. దానికి మందులు వేరు. ఈ రెండింటిలో ఏది యున్నను గర్భము నిలుచుటకు చిక్కే.

థైరాయిడ్ మందగించినపుడు నెలనెలా అండము విడుదలగుట క్రమము తప్పును. గర్భము నిలిచినను స్రావమగు భయము, నెలలు నిండక ప్రసవమగు భయము హెచ్చును. మొదటి మూడు నెలలలో గర్భస్థ శిశువు థైరాక్సిన్‌కై పూర్తిగా తల్లిపైననే ఆధారపడియుండును. శిశువు మెదడు పెరుగుటకు అది యవసరము. తల్లి యొద్ద కొరత యున్నచో బిడ్డకును కొరతయే.

"మొదటి బిడ్డ సులభముగా పుట్టినది గదా, ఇప్పుడేమి వచ్చినది?" అని మీలో కొందరు అడుగవచ్చును. ఈ ప్రశ్న యందే అసలు సంగతి యున్నది. ప్రసవించిన స్త్రీలలో నూటికి సుమారు 5 మందికి ఏడాది లోపల థైరాయిడ్ గ్రంథికి వాపు వచ్చును. తొలుత రసము హెచ్చుగా వెలువడి, పిదప తగ్గిపోవును. పెక్కుమందికి అది తనంతట సర్దుకొనును. కొందరికి మందకొడితనము శాశ్వతముగా మిగిలిపోవును. కనుక మొదటి కాన్పు నాటికి లేని జబ్బు రెండవ కాన్పు నాటికి వచ్చియుండవచ్చును. అది ఆమె దోషము కాదు, గ్రహచారము కాదు, ఒకరి దిష్టి కాదు.

ఈ గ్రంథి చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన ఘట్ట మొకటి కలదు. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్నము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి తన సహచరులతో కలిసి 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో ఒక ప్రయోగమును ప్రారంభించిరి. అచ్చటి ప్రజలకు మెడ వాచు గళగండము విస్తారముగా నుండెను. లోయను మూడు భాగములు చేసి, రెండింటికి అయోడిన్ చేర్చిన ఉప్పును, ఒకదానికి మామూలు ఉప్పును పంపిరి. అయోడిన్ ఉప్పు తిన్నవారిలో గళగండము గణనీయముగా తగ్గినది. 1962లో భారత ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ కార్యక్రమమును ప్రారంభించినది. తినుటకై అమ్ము ఉప్పులో అయోడిన్ తప్పక యుండవలెనను నిబంధన 2006 మే నెల నుండి దేశమంతట అమలులోనికి వచ్చినది. కనుక అయోడిన్ కలుపని రాళ్లుప్పు చౌకగా వచ్చినదని వంటకు వాడరాదు. అయోడిన్ ఉప్పును మూతగల పాత్రలో, తడి తగులకుండ ఉంచవలెను. అయితే ఒక్క మాట. గ్రంథి ఇదివరకే మందగించినవారికి ఉప్పు మాత్రమే మందు కాజాలదు. వారికి మాత్ర కావలసినదే.

ఆ మాత్రను గురించి మీరు గుర్తుంచుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. దానిని ఉదయము పరగడుపున, మంచినీటితో వేసికొనవలెను. తరువాత అరగంట నుండి గంట వరకు కాఫీ, టీ, పలహారము తీసికొనరాదు. గర్భవతులకు ఇచ్చు ఐరన్ మాత్రలు, కాల్షియం మాత్రలు మంచివే. కాని థైరాయిడ్ మాత్రతో కలిపి మ్రింగినచో దాని గుణమును తగ్గించును. రెంటికిని నడుమ 4 గంటల వ్యవధి యుండవలెను. అన్నిటిని ఒక్కసారి మ్రింగి పని ముగించుకొను అలవాటు గల ఇండ్లలో ఈ మాట పదేపదే చెప్పవలసియున్నది.

మరల బిడ్డను కోరు స్త్రీకి థైరాయిడ్ జబ్బు ఉన్నచో, గర్భమునకు ముందే టి.ఎస్.హెచ్. అంకెను 2.5కు లోపలికి తెచ్చుట మేలని వైద్యులు చెప్పుచున్నారు. నెల తప్పినదని తెలిసిన వెంటనే డాక్టరు యొద్దకు పోవలెను. గర్భిణిగా నున్నపుడు ఈ మాత్ర మోతాదును చాలమందికి పెంచవలసివచ్చును. తగ్గించుట గాని, మానుట గాని కూడదు. గర్భమున సగము కాలము వరకు సుమారు 4 వారములకొక మారు పరీక్ష చేయించవలెను. ప్రసవమైన పిదప మోతాదును మరల సరిచేయుదురు. బిడ్డకు పాలిచ్చు కాలమునను మాత్ర వేసికొనవచ్చును. అయితే హెచ్చుతగ్గులు ఏవైనను డాక్టరే చేయవలెను గాని పొరుగింటివారి మోతాదును చూచి మనము చేసికొనరాదు.

ఎప్పుడు పరీక్షకు పోవలెను? దంపతులు కలిసియుండి ఏడాది గడచినను గర్భము రాకున్నచో పోవలెను. స్త్రీ వయస్సు 35 దాటినచో 6 నెలలే గడువు. గర్భస్రావములు జరిగినను, బహిష్టు క్రమము తప్పినను, మెడ ముందు వాపు కనిపించినను ఆ గడువు కొఱకు ఆగనక్కరలేదు. పరీక్షకు భర్తయు రావలెను. సంతానము కలుగకపోవుటకు పురుషుని పక్షమున కారణముండుట అరుదు కాదు. ఒక బిడ్డకు తండ్రియైనవానికిని అది రావచ్చును. ఆమెను మాత్రమే నిలదీయుట అన్యాయము. ఇక రెండవ పెండ్లి మాట. 1955 నాటి హిందూ వివాహ చట్టము ప్రకారము భార్య జీవించియుండగా చేసికొన్న రెండవ పెండ్లి చెల్లదు. పైగా అది శిక్షార్హము. అట్టి ప్రస్తావనకు పెద్దమనుషులు తలయూపరాదు.

కుటుంబము చిన్నదిగా నుండవలెనని 1952 నుండి మా శాఖ వంటి శాఖలు ఊరూర చెప్పుచు వచ్చినవి. ఇద్దరికి మించి సంతానము గలవారు పంచాయతీ ఎన్నికలలో నిలువరాదని 1994 నాటి చట్టము చెప్పినది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించినది. చట్టములు కాలమును బట్టి మారును. కాని కోరినపుడు, కోరినంతమంది బిడ్డలను ఆరోగ్యముగా కనుటయే కుటుంబ సంక్షేమమన్న మాట మారదు. వద్దనుకొన్నవారికి తోడ్పడినట్లే, కావలెననుకొన్నవారికిని తోడ్పడవలెను.

మీరు చేయదగిన పనులు పెద్ద ఖర్చుతో కూడినవి కావు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినము జరుగునపుడు ఈ విషయమును ఏ.ఎన్.ఎం. చేతను, ఆశా కార్యకర్త చేతను చెప్పింపుడు. థైరాయిడ్ పరీక్ష ఏ ప్రభుత్వ ఆసుపత్రిలో, ఏయే దినములలో చేయుదురో ముందుగా తెలిసికొని పంచాయతీ కార్యాలయపు పలకపై వ్రాయింపుడు. గర్భస్రావములు జరిగినవారికి, సంతానము ఆలస్యమైనవారికి, గళగండము గలవారికి గర్భకాలమున ఈ పరీక్ష చేయవలెనని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో మార్గదర్శకములు వెలువరించినది. మీ ఊరి గర్భిణులలో అట్టివారున్నచో ఆ సంగతిని ఏ.ఎన్.ఎం.కు తప్పక చెప్పుమనుడు. ఊరి దుకాణములలో అయోడిన్ లేని ఉప్పు వంటకై అమ్ముడగుచున్నదేమో విచారింపుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఈ విషయములను గుట్టుగా నుంచుడు. ఒక ఇంటి ఆడుబిడ్డ జబ్బు ఊరందరి నోట నానరాదు. మహిళా సభ్యులు ఇంటికి పోయి మెల్లగా మాట్లాడినచో పని సులువుగా నెరవేరును.

పరీక్ష చేయించినంతనే ప్రతి ఇంట ఉయ్యాల ఊగునని మేము చెప్పుట లేదు. బిడ్డలు కలుగకుండుటకు కారణములు ఇంకను పెక్కు కలవు. వానిని వైద్యులు వెదకి చూడవలసియున్నది. కాని తెలిసికొనదగిన కారణమును తెలిసికొనకయే ఒక స్త్రీపై నింద మోపుట మన చేతులలో ఆపదగిన పని. కనుక ఈసారి మీ రచ్చబండ యొద్దకు అట్టి తగవు వచ్చినచో, "పరీక్ష చేయించితిరా?" అని మొదట అడుగుడు. చేయింపకున్నచో తీర్పును ఆపి, ఆ దంపతులను ఇద్దరిని ఆసుపత్రికి పంపుడు.