కాలేయం సగమే వింటోంది

 

ఇవాళ వైద్య పట్టాలు అందుకుంటున్న మీ ఓపీకి రేపటి నుంచి వచ్చేవాళ్ల రిపోర్టుల్లో షుగర్, ట్రైగ్లిజరైడ్లు, బీపీ వేర్వేరు వరుసల్లో కనిపిస్తాయి. వరుసకో మాత్ర రాసి పంపడం తేలిక. కానీ ఇవి తరచూ ఒకే గుంపుగా వస్తాయని, వాటి వెనక ఇన్సులిన్ నిరోధకత ఉందని 1988లోనే వైద్య పరిశోధకుడు జెరాల్డ్ రీవెన్ చెప్పారు.

ఈ కథలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది కాలేయం. అన్నం తిన్నాక ఇన్సులిన్ దానికి రెండు పనులు చెబుతుంది: గ్లూకోజ్ తయారీ ఆపమని, కొవ్వు తయారీ పెంచమని. నిరోధకత వచ్చిన కాలేయం మొదటి మాటను పెడచెవిన పెడుతుంది, రెండోది మాత్రం తు.చ. తప్పకుండా చేస్తుంది. షుగర్ దిగదు కాబట్టి క్లోమం మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఆ అదనపు ఇన్సులిన్ కొవ్వు తయారీనే ఇంకా ఎగదోస్తుంది. పొట్టలోని కొవ్వు నుంచి వచ్చే ఫ్యాటీ ఆమ్లాలూ దానికి తోడవుతాయి. ఆ కొవ్వులో కొంత కాలేయంలోనే పేరుకుని ఫ్యాటీ లివర్ అవుతుంది, కొంత ట్రైగ్లిజరైడ్లుగా రక్తంలోకి వెళుతుంది, మంచి కొలెస్టరాల్ పడిపోతుంది. మూత్రపిండాల్లో సోడియం నిలిచిపోయి బీపీ పెరగడానికీ ఆ ఇన్సులినే ఒక కారణం. 2008లో శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ ఎత్తిచూపిన, కాలేయపు ఈ వైరుధ్యాన్ని మీరు పరీక్ష కోసం చదివే ఉంటారు. ఇప్పుడు రోగి కోసం మళ్లీ చదవండి.

ఇదంతా లావుగా ఉన్నవాళ్లకే అనుకుని, సన్నగా ఉన్నవాళ్లను చూసి నిశ్చింతగా ఉండకండి. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు పరిశోధకుల ఫొటో వచ్చింది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! అందుకే బరువు చూసే యంత్రం పక్కనే టేపు కూడా పెట్టుకోండి. మన మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఆగి, మిగతా పరీక్షలు చేయించండి.

ఇక చికిత్స సంగతి. ఇన్సులిన్‌కు సరిగా స్పందించని కండరం కూడా, కదిలినప్పుడు గ్లూకోజ్‌ను లోపలికి తీసుకుంటుంది. గ్లూట్-4 అనే రవాణా ప్రొటీన్‌ను కణం పైపొరకు చేర్చే మరో సంకేత మార్గం దానికి ఉంది. అందుకని 'వాకింగ్ చెయ్యండి' అని చీటీ చివర గీకి వదిలేయకండి. ఎదురుగా కూర్చున్న పెద్దావిడతో, "అమ్మా, మందు పని మందు చేస్తుంది. మీరు నడిస్తే మీ కాళ్ల కండరాలు రక్తంలోని చక్కెరను తామే లాక్కుంటాయి" అని చెప్పండి. ఎంత దూరం నడవగలరో, మోకాళ్లు సహకరిస్తున్నాయో లేదో కూడా అడగండి.