ఫార్మాట్ చేయమంటే చేయకండి

పాత కంప్యూటర్ల హార్డ్‌డిస్కుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

డిస్కును రికార్డు రూము అనుకోండి. ఏ ఫైలు ఏ అరలో ఉందో చూపే ఇండెక్సు రిజిస్టరే ఫైల్ సిస్టం. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి ఉంది. యాపిల్‌వారు 1998లో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్, 2017లో ఏపీఎఫ్‌ఎస్ తెచ్చారు. లినక్స్‌లో ఎక్కువగా ఈఎక్స్‌టీ4. ఈ పరాయి రిజిస్టర్లను విండోస్ తనంతట చదవలేదు. చదవలేనని ఒప్పుకోకుండా "ఫార్మాట్ చేయాలి" అంటుంది! ఉర్దూ రాని గుమాస్తా నిజాం కాలపు సేత్వార్‌ను చిత్తుకాగితం అన్నట్టు.

కాలం చేసిన మన మిత్రుడొకరు లినక్స్ వాడేవారు. సర్వీసు కాగితాలు, కుటుంబం ఫోటోలు అన్నీ అందులోనే. షాపు కుర్రవాడు డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టేద్దామన్నాడు. ఆవిడ ఒప్పుకోకపోవడం వల్ల బతికిపోయాయి. ఎందుకంటే విస్టా నుంచి విండోస్‌లో పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్కంతా సున్నాలతో నిండిపోతుంది. ఆ తర్వాత ఎంత డబ్బిచ్చినా ఎవరూ తీయలేరు.

మేము చేసింది ఇంతే. క్యాన్సిల్ నొక్కాం. లినక్స్ వేసిన పెన్‌డ్రైవుతో కంప్యూటరు ఆన్ చేశాం. దేన్నీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అది ఎన్‌టీఎఫ్‌ఎస్, హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ కూడా చదువుతుంది. ఏపీఎఫ్‌ఎస్‌కు మాత్రం మాక్ చూసుకోవడం మేలు. డిస్కును చదవడానికి మాత్రమే తెరిచి, అన్నీ వేరే డిస్కులోకి కాపీ చేశాం. పాత డిస్కులో ఒక్క అక్షరం రాయలేదు.

వెడల్పు రిబ్బన్ కేబుల్ ఉన్న పాత ఐడీఈ డిస్కులకు యూఎస్‌బీ కన్వర్టరు కావాలి. మూడున్నర అంగుళాల డిస్కుకు 12 వోల్టులు కావాలి, మామూలు యూఎస్‌బీ ఇచ్చేది 5. కాబట్టి విడిగా పవర్ అడాప్టరున్న కన్వర్టరే కొనండి. డిస్కు టక్‌టక్‌మంటే మాత్రం వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి. పాస్‌వర్డుతో తాళం వేసిన డిస్కయితే ఆ పాస్‌వర్డు ఉండాల్సిందే. ఇంట్లోవాళ్లకు ఇప్పుడే రాసివ్వండి.

ఫైలు తెరుచుకున్నాక తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తే కంగారుపడకండి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు డీటీపీలో టైపు చేసినది అయివుంటుంది. అప్పుడు వాడిన ఫాంటే వేస్తే తెలుగు కనిపిస్తుంది. అందుకే పాత డిస్కులోంచి ఫాంట్ల ఫోల్డరును కూడా కాపీ చేసుకోండి.