బండల నడుమ బంతాట



మన ఎల్‌బీ నగర్ నగరానికి తూర్పున. పడమటన గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ గోల్ఫ్ మైదానం ఉంది. పీటర్ హారడైన్ రూపొందించిన 18 హోల్స్. చుట్టూ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలు. పైనుంచి పల్లానికి కొట్టిన బంతి అనుకున్నదానికన్నా దూరం పోతుంది. బండకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. పాతుకున్న బండను కదపకూడదు. బంతి ఉన్నచోటి నుంచే ఆడాలి. వీలుకాకపోతే ఒక స్ట్రోక్ జరిమానాతో పక్కకు వేసుకోవాలి.

అక్కడ బండలే ఆటకు అందం. మనవైపు అలాంటి గుట్టలెన్నో కంకరై ఇళ్లలో కలిసిపోయాయి. మిగిలినవాటిని మన బడి పిల్లలకు ఏటా ఒకసారి చూపించే బాధ్యత ఈ స్వర్ణోత్సవ వేళ సంఘం తీసుకోవాలని నా మనవి. చూసి ఎరిగినదాన్నే కదా కాపాడుకుంటారు!