మ్యూనిక్ నుంచి మలాడ్‌కు: ఫ్రాంజ్ ఆస్టెన్

సినిమా మొదట్లో పేర్లు పడుతుండగా ఎవరైనా కబుర్లు చెప్పుకుంటే మన మాస్టారు ఊరుకునేవారు కాదు. ‘పేర్లు చదవండర్రా’ అనేవారు. ఆయన మాట విని చదివాను గనకే ‘అఛూత్ కన్య’ దర్శకుడు జర్మన్ అని మొదటిసారి నాకు తెలిసింది. ఆయన స్మృతిలో ఈరోజు ఆ దర్శకుడి గురించే మాట్లాడతాను.

ఫ్రాంజ్ ఆస్టెన్ అసలు ఇంటిపేరు ఓస్టర్‌మయర్. 1876లో మ్యూనిక్‌లో పుట్టారు. తమ్ముడు పీటర్‌తో కలిసి 1907లో సంచార సినిమా నడిపారు. ఆ పీటర్ స్టూడియోకే మన నటుడు, నిర్మాత హిమాంశు రాయ్ బుద్ధుడి కథ పట్టుకుని వెళ్లారు. అలా 1925లో ‘ప్రేమ్ సన్యాస్’ తయారైంది. బుద్ధుడి వేషం రాయ్‌దే. తరువాత ‘షిరాజ్’, మహాభారతంలోని జూదం ఆధారంగా ‘ప్రపంచ పాశ్’. మూడూ మూకీలు, మూడూ మన దేశంలోనే తీసినవి.

1934లో రాయ్, ఆయన భార్య, నటి దేవికారాణి బొంబాయి దగ్గర మలాడ్‌లో బాంబే టాకీస్ స్టూడియో పెట్టారు. ఆస్టెన్ మళ్లీ వచ్చారు, కెమెరామన్ జోసెఫ్ విర్షింగ్ కూడా. ఆస్టెన్‌కు హిందీ రాదు. రాకుండానే నాలుగైదేళ్లలో పదికి పైగా హిందీ చిత్రాలు తీశారు.

వాటిలో 1936 నాటి ‘అఛూత్ కన్య’ దగ్గర కాసేపు ఆగాలి. కిరాణా కొట్టు నడిపే బ్రాహ్మణుడు మోహన్‌ను పాము కరిస్తే, అంటరానివాడైన రైల్వే గేట్‌మన్ దుఖియా నోటితో విషం పీల్చి బతికిస్తాడు. అలా మొదలైన స్నేహంలో మోహన్ కొడుకు ప్రతాప్, దుఖియా కూతురు కస్తూరి కలిసి పెరుగుతారు. ప్రేమించుకుంటారు, పెళ్లి మాత్రం కాదు. చివరికి అదే గేటు దగ్గర, రైలును ఆపబోయి కస్తూరి చనిపోతుంది. ఊరిని కలిపే పట్టాలే ఆమెను బలి తీసుకుంటాయి. రెండేళ్లకు వచ్చిన మన గూడవల్లి రామబ్రహ్మం గారి ‘మాలపిల్ల’ అలాంటి జంటను బతికించింది. ఆ ధైర్యం నాకు మరింత ఇష్టం.

ఇక చెప్పక తప్పని సంగతి. ఆ 1936లోనే ఆస్టెన్ నాజీ పార్టీ సభ్యుడయ్యారు. అంతకు ముందు ఏడాదే న్యూరెంబర్గ్ చట్టాలు యూదులకూ ఇతర జర్మన్లకూ మధ్య పెళ్లిళ్లను నిషేధించాయి. పుట్టుక అడ్డొచ్చి విడిపోయిన జంట కోసం మలాడ్‌లో మనల్ని ఏడిపించిన మనిషి, తన దేశంలో ఆ అడ్డుగోడ కట్టినవాళ్ల పక్షాన చేరారు. కాలం అలాంటిదని సర్దిచెప్పడం నాకు చేతకాదు. అలాగని ఆ చిత్రాన్ని పారేయమననూలేను. అది ఆయన ఒక్కరి సొత్తు కాదు.

1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం స్టూడియోలోని జర్మన్లను నిర్బంధించింది. మరుసటి ఏడాది విడుదలై ఆస్టెన్ జర్మనీ వెళ్లిపోయారు. 1956లో కన్నుమూశారు. విర్షింగ్ ఇక్కడే ఉండిపోయి ‘మహల్’కూ, ‘పాకీజా’కూ కెమెరా పట్టారు.

ఇప్పుడు ‘అఛూత్ కన్య’ ప్రదర్శిస్తున్నాం. దీపాలు ఆరాక పేర్లు చదవండి. కథ నిరంజన్ పాల్, సంగీతం సరస్వతీ దేవి, కెమెరా జోసెఫ్ విర్షింగ్, దర్శకత్వం ఫ్రాంజ్ ఆస్టెన్. ఒక్కటీ వదలకుండా చదవండి.